ముక్కుకు గొట్టం, కాళ్లకు పని

(శంషాబాద్‌లో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించో, పి.ఆర్.సి. గురించో మాట్లాడమంటే నాకు సులువుగా ఉండేది. ముప్పై అయిదేళ్లు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి 2008లో పదవీ విరమణ చేశాను. మన శంషాబాద్ విమానాశ్రయం నుంచి విమానాలు ఎగరడం మొదలైంది కూడా ఆ ఏడాది మార్చిలోనే. కార్యదర్శిగారు మాత్రం "లెక్కల సంగతి ఇంకెవరైనా చెబుతారు, మీరు మీ ముక్కుకున్న గొట్టం గురించి చెప్పండి" అన్నారు. సరేనన్నాను. మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతాను, మన్నించండి. నేను డాక్టరును కాను. రోగిగా తెలుసుకున్నవి, చదివి పోల్చి చూసుకున్నవి మనవి చేస్తాను.

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే విషయం ఒక్కటే. ఒక పద్దు కింద మంజూరైన సొమ్మును మరో పద్దుకు ఇష్టం వచ్చినట్టు మళ్లించడానికి వీల్లేదని మనందరికీ తెలుసు. ఊపిరితిత్తుల జబ్బులో కూడా అలాంటి పద్దులు రెండున్నాయి. ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ ఒకటి, కాళ్లలోని నడక శక్తి రెండోది. మొదటిది అవసరమైనవారికి ఆయుష్షు పెంచుతుంది. రెండోది వ్యాయామంతోనే వస్తుంది. ఒకదానితో ఇంకోదాని లోటు పూడదు. ఈ సంగతి తెలియక మనవాళ్లు రెండు రకాలుగానూ నష్టపోతున్నారు.

జబ్బు స్వరూపం

సి.ఓ.పి.డి. అనే జబ్బులో గాలిగొట్టాలు సన్నబడతాయి, గాలితిత్తులు సాగి పాడవుతాయి. గాలి లోపలికి పోవడం కంటే బయటికి రావడమే కష్టం. పాత గాలి లోపల ఉండిపోతే కొత్త గాలికి చోటుండదు. 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2016 నాటికి మన దేశంలో ఈ జబ్బు ఉన్నవారు 5 కోట్ల 53 లక్షల మంది. ఇది పొగ తాగేవాళ్ల జబ్బేనని చాలామంది అనుకుంటారు. చుట్ట, బీడీ, సిగరెట్ పెద్ద కారణాలే. కాని జీవితమంతా కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లు, దుమ్ములో పనిచేసినవాళ్లు, ఎప్పుడో క్షయ వచ్చి తగ్గినవాళ్లు కూడా దీని బారిన పడతారు. నా విషయంలో డాక్టరుగారు చెప్పిన కారణాలు చిన్ననాటి పిడకల పొగ, ఇరవై ఏడో ఏట వచ్చిన క్షయ.

ఆయాసం వేరు, ఆక్సిజన్ తగ్గడం వేరు

దయచేసి ఇది గుర్తుంచుకోండి. ఆయాసపడే ప్రతి మనిషికీ రక్తంలో ఆక్సిజన్ తగ్గి ఉండదు. ఆక్సిజన్ తగ్గిన ప్రతి మనిషికీ ఆయాసం తెలియదు. వేలికి పెట్టే ఆక్సిమీటరు కరోనా పుణ్యమా అని మనందరి ఇళ్లలో ఉంది. దానితో అంచనా తెలుస్తుంది. అయితే వేలు చల్లబడినా, గోటికి రంగు ఉన్నా, గోరింటాకు బాగా పండినా అంకె తప్పు చూపవచ్చు. చామనఛాయ, నలుపు రంగు శరీరం గలవారికి ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపే అవకాశం కూడా ఉంది. అందుకే ఆర్డరు వేసే ముందు మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి పరీక్ష చేస్తారు. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ పీడనం 55 మిల్లీమీటర్లు గాని అంతకంటే తక్కువ గాని ఉంటే, లేదా ఆక్సిమీటరులో 88 శాతం గాని అంతకంటే తక్కువ గాని ఉంటే ఇంట్లో దీర్ఘకాలం ఆక్సిజన్ అవసరమని వైద్యుల ప్రమాణం. గుండె కుడి భాగం మీద భారం పడిన గుర్తులుంటే ఇంకొంచెం పైనున్న అంకెకు కూడా ఇస్తారు.

ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యేటప్పుడు ఆక్సిజన్ రాసి ఇచ్చారంటే అది శాశ్వత ఉత్తర్వు కాదు. రెండు మూడు నెలల తరువాత మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. జబ్బు తిరగబెట్టినప్పుడు పడిపోయిన అంకె, కుదుటపడ్డాక చాలామందిలో పైకి వస్తుంది.

ఆయుష్షు లెక్క

ఈ చికిత్సకు ఆధారం రెండు పాత అధ్యయనాలు. 1980లో అమెరికాలో 203 మంది రోగులతో చేసినది ఒకటి. రాత్రిపూట మాత్రమే ఆక్సిజన్ తీసుకున్నవారిలో మరణాలు, పగలూ రాత్రీ తీసుకున్నవారిలో కంటే దాదాపు రెట్టింపు. 1981లో బ్రిటన్‌లో 87 మందితో చేసినది రెండోది. రోజుకు 15 గంటలు ఆక్సిజన్ తీసుకున్న 42 మందిలో అయిదేళ్లలో 19 మంది పోయారు. తీసుకోని 45 మందిలో 30 మంది పోయారు. రెండు అంకెలూ పక్కపక్కన వేసి చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. వీరందరూ విశ్రాంతిలో కూడా ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్నవారు.

మరి కొద్దిగా తగ్గినవారి మాట? 2016లో అమెరికాలో 738 మందితో చేసిన అధ్యయనం వెలువడింది. విశ్రాంతిలో 89 నుంచి 93 శాతం మధ్య ఉన్నవారిని, నడిచినప్పుడు మాత్రమే అంకె పడిపోయేవారిని తీసుకున్నారు. సగం మందికి ఆక్సిజన్ ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. ఆయుష్షులో గాని, ఆసుపత్రిలో చేరడంలో గాని తేడా కనబడలేదు. ఆరు నిమిషాల్లో నడిచే దూరం కూడా పెరగలేదు. అలాగే 2024లో స్వీడన్‌వారు 241 మందితో చేసిన అధ్యయనంలో, రోజుకు 24 గంటలు తీసుకోమన్నవారికీ 15 గంటలు తీసుకోమన్నవారికీ ఏడాదిలో ఆసుపత్రి చేరికల్లో, మరణాల్లో తేడా తేలలేదు. కనుక అవసరమున్నవారు 15 గంటలకు తగ్గకూడదు. నిద్ర సమయం అందులో కలిసేలా చూసుకోవాలి. మిగిలిన గంటల్లో గొట్టం తీసి తిరగవచ్చా లేదా అన్నది నడిపించి పరీక్షించిన డాక్టరుగారే చెప్పాలి.

ఇద్దరి ఉదాహరణ

నాతోపాటు పనిచేసి రిటైరైన ఒక మిత్రుడున్నాడు. 2021లో కరోనా రెండో అల సంగతి మనం మరచిపోలేదు. ఏప్రిల్ 23న బేగంపేట నుంచి వైమానిక దళ విమానాలు ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను ఒడిశాకు మోసుకుపోయిన రోజులవి. ఆ భయంలో ఆయన కొడుకు ఒక కాన్సంట్రేటర్ కొని ఇంట్లో పెట్టాడు. మిత్రునికి మెట్లెక్కితే ఆయాసం. అప్పటినుంచి యంత్రం పక్కన కుర్చీ, ఎదురుగా టీవీ. రెండేళ్ల తరువాత పరీక్ష చేయిస్తే గొట్టం లేకుండా కూర్చున్నప్పుడు 95 శాతం ఉంది. అసలు ఆక్సిజన్ అవసరమే లేదు. కాని అప్పటికి చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేని స్థితి వచ్చింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. తొడల కండ ఎంత?

రెండో ఉదాహరణ మా ఆఫీసులో అటెండరుగా చేసిన మిత్రుని భార్య. నాకు చెల్లెలి వరుస. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి మీద వండింది. ఆమెకు కూర్చున్నప్పుడే 84 శాతం. డాక్టరు ఆక్సిజన్ రాస్తే వద్దంది. "అన్నా, ఈ పైపు పెట్టుకొని వాకిట్ల ఎట్ల కూసుంటనే? చివరి రోజులొచ్చినయ్ అనుకోరా నలుగురు?" అంది. "బతకడానికి పెట్టుకునేది చెల్లెమ్మా, కళ్లద్దాలు పెట్టుకుంటే కళ్లు పోయాయంటారా?" అన్నాను. ఒప్పుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో కాళ్లకు నీరు దిగి రెండుసార్లు ఆసుపత్రిలో పడింది. ఇప్పుడు పెట్టుకుంటోంది. వాకిట్లో కూర్చుని ఆకుకూర ఏరుతోంది.

ఒకరు అక్కరలేని యంత్రం పక్కన కూర్చుండిపోయారు. ఇంకొకరు కావలసిన యంత్రాన్ని వద్దన్నారు. మన సంఘంలో ఈ రెండు రకాలవారూ ఉన్నారని నా అనుమానం.

కాళ్ల పద్దు

ఇక రెండో పద్దు. ఆయాసం వస్తుందని మనిషి నడక తగ్గిస్తాడు. నడక తగ్గితే తొడలు, పిక్కలు బలహీనపడతాయి. బలహీనపడ్డ కండరం కొద్ది పనికే అలసి, రక్తంలోకి ఆమ్లాన్ని వదులుతుంది. దాన్ని సరిచేయడానికి ఊపిరి ఇంకా వేగంగా ఆడాలి. వేగంగా ఆడితే గాలి బయటికి పోయే వ్యవధి ఉండదు. ఆయాసం మరింత. దాంతో మనిషి నడక ఇంకా తగ్గిస్తాడు. ఈ చక్రాన్ని ఊపిరితిత్తుల దగ్గర ఆపలేము, పాడైనవి బాగుపడవు. కాళ్ల దగ్గర ఆపవచ్చు. ఎన్నేళ్లు వచ్చినా కండరం పని చెబితే పెరుగుతుంది.

నడక శక్తిని కొలవడానికి ఆరు నిమిషాల నడక పరీక్ష ఉంది. 30 మీటర్ల వరండాలో అటూ ఇటూ నడవమంటారు. మధ్యలో ఆగవచ్చు, గడియారం మాత్రం ఆగదు. ఎన్ని మీటర్లు నడిచాము, అంకె ఎంతకు పడింది, ఆయాసం పదికి ఎంత అని రాసుకుంటారు. 30 మీటర్ల పెరుగుదల వస్తే రోగికి నిజంగా తేడా తెలుస్తుందని వైద్యుల అంచనా. 2015లో 65 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పద్ధతి ప్రకారం వ్యాయామం చేసినవారు చేయనివారి కంటే సగటున 44 మీటర్లు ఎక్కువ నడిచారు.

వ్యాయామం చేసేటప్పుడు ఆక్సిజన్ ఇస్తే ఇంకా ఎక్కువ ఫలితం వస్తుందా అని 2019లో ఆస్ట్రేలియావారు పరీక్షించారు. ఇంట్లో ఆక్సిజన్ అవసరం లేకుండానే, నడిస్తే మాత్రం అంకె పడిపోయే 111 మందిని తీసుకుని ఎనిమిది వారాలు, వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించారు. కొందరి గొట్టంలో ఆక్సిజన్, కొందరి గొట్టంలో మామూలు గాలి. ఎవరికి ఏది వస్తున్నదో వారికి తెలియదు. రెండు వర్గాలూ దాదాపు సమానంగా మెరుగుపడ్డాయి. ఫలితం ఇచ్చింది వ్యాయామమే.

నా లెక్క కూడా చెబుతాను. నాకు నిమిషానికి 2 లీటర్లు మంజూరు. మొదటి పరీక్షలో ఆ 2 లీటర్లతో 225 మీటర్లు నడిచాను. ఫిజియోథెరపీ విభాగంలో ఎనిమిది వారాల తరువాత అదే 2 లీటర్లతో 270 మీటర్లు నడిచాను. యంత్రం మారలేదు, ఊపిరితిత్తులు మారలేదు. ఇప్పుడు స్నానానికి నీళ్లు నేనే పెట్టుకుంటాను, కిరాణా కొట్టుకు ఒక్కసారి ఆగి వెళ్తాను. నా వయసులో అది చిన్న మాట కాదు.

ఇంట్లో చేసుకోదగినవి

డాక్టరుగారు సరేనన్నాకే మొదలుపెట్టండి. మొదట కుర్చీలోంచి లేచి కూర్చోవడం, అయిదుసార్లు. వారం వారం రెండు పెంచండి. ఇంటి వరండాలో నడక, రెండు నిమిషాలు నడిచి ఒక నిమిషం విశ్రాంతి. క్రమంగా మొత్తం ఇరవై, ముప్పై నిమిషాలకు తేవాలి. చేతులకు అర లీటరు నీళ్ల సీసాలు చాలు. ఊపిరి ముక్కుతో తీసుకుని, వేడి చాయ్ ఊదినట్టు పెదవులు ముడిచి నెమ్మదిగా వదలాలి. తీసుకున్నదానికి రెట్టింపు సేపు వదలాలి. కొంచెం ఆయాసం రావాలి. అది మంచిదే. అయితే ఒక చిన్న వాక్యం మాట్లాడగలగాలి. గుండెలో నొప్పి, తల తిరగడం, డాక్టరుగారు గీసిన గీత కంటే అంకె పడిపోవడం – వీటిలో ఏది వచ్చినా ఆపేయాలి.

చలికాలం తెల్లవారుజామున బెంగుళూరు రోడ్డు పక్కన నడక మనకు పనికిరాదు. చలికి పొగ, దుమ్ము నేలబారునే ఉంటాయి, పైగా లారీలు. ఎండ వచ్చాక ఇంటి మేడ మీదనో, వీధి లోపలనో నడవండి. ఇన్‌హేలర్ మానవద్దు. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టరును అడగండి. చుట్ట, బీడీ ఉన్నవారు మానకుండా పై రెండు పద్దుల్లో ఎంత వేసినా చిల్లు కుండలో పోసినట్టే.

యంత్రం ఖర్చు, జాగ్రత్తలు

కాన్సంట్రేటర్ ఆక్సిజన్‌ను తయారు చేయదు. గాలిలో 78 శాతం ఉన్న నైట్రోజన్‌ను జియోలైట్ అనే పదార్థంతో పట్టి ఉంచి, 90 శాతానికి పైగా ఆక్సిజన్ ఉన్న గాలిని వదులుతుంది. అయిదు లీటర్ల యంత్రం సుమారు 350 వాట్లు లాగుతుందనుకుంటే 15 గంటలకు అయిదుంపావు యూనిట్లు, నెలకు 157 యూనిట్లు. కరెంటు బిల్లు శ్లాబు మారుతుంది, ముందే లెక్క వేసుకోండి. సిలిండరు చవక అనుకోవద్దు. 1,500 లీటర్లు పట్టే చిన్న సిలిండరు నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలే వస్తుంది, ఒక్క రోజుకే చాలదు. 7,000 లీటర్ల పెద్ద సిలిండరు నాలుగు రోజులైనా రాదు. కనుక రోజూ వాడకానికి యంత్రం, కరెంటు పోయినప్పటికి ఒక చిన్న సిలిండరు ఉండాలి.

ఆక్సిజన్ తనంతట తాను మండదు గాని, మండేదాన్ని భగ్గుమనిపిస్తుంది. గొట్టం ఉన్న మనిషి దగ్గర బీడీ, దీపం, అగరుబత్తి, పొయ్యి ఉండరాదు. పూజ దగ్గర గొట్టం తీసి యంత్రం ఆపి, కాసేపాగి దీపం వెలిగించండి. ముక్కు ఎండితే కొబ్బరినూనె, వాసెలీన్ రాయకూడదు. నీటి ఆధారంగా తయారైన లేపనం మందుల షాపులో దొరుకుతుంది. సిలిండరు మీటరుకు నూనె చేయి తగలకూడదు. తేమ సీసాలో నీళ్లు రోజూ మార్చండి, జల్లెడ వారానికొకసారి కడగండి.

అన్నిటికంటే ముఖ్యం, ఆయాసం వచ్చిందని మీటరు తిప్పి లీటర్లు పెంచరాదు. మనలో కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే బొగ్గుపులుసు గాలి రక్తంలో పేరుకుంటుంది. పొద్దున్నే తలనొప్పి, మగత, మాట తడబాటు దాని గుర్తులు. చాలామందికి 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలని డాక్టర్లు రాస్తారు. మంజూరైన దానికంటే ఒక్క లీటరు కూడా డ్రా చేయకండి.

విమాన ప్రయాణం

మన పిల్లలు చాలామంది పరదేశాల్లో ఉన్నారు. విమానాశ్రయం ఇంటి ముందరే ఉంది, వెళ్లవచ్చా అని అడుగుతారు. మన విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉంది. ఎగిరే విమానం లోపలి గాలి పీడనం 8,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉండవచ్చు. అంటే మనమున్న ఎత్తుకు సుమారు నాలుగింతలు. అక్కడి గాలి పీల్చడం, నేల మీద 21 శాతానికి బదులు 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి పీల్చినట్టే. ఆరోగ్యవంతులు తట్టుకుంటారు, మనకు ఇబ్బంది. టికెట్టు కొనకముందే ఛాతీ డాక్టరును కలవండి. విమాన సంస్థ వైద్య పత్రం డాక్టరు చేత పూరించి ముందుగా పంపాలి. సొంత సిలిండరు సాధారణంగా ఎక్కనివ్వరు. బ్యాటరీతో నడిచే చిన్న యంత్రానికి అనుమతి తీసుకోవచ్చు. ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు బ్యాటరీ అడుగుతారు. 16 గంటల ప్రయాణానికి 24 గంటల బ్యాటరీ అన్నమాట. నా కూతురు రమ్మని అడుగుతోంది. ఈ లెక్కలన్నీ వేసి, ఈ ఏడాది నువ్వే రా అమ్మా అన్నాను. వచ్చే ఏడాది డాక్టరుగారు ఏమంటారో చూడాలి.

ఒక విన్నపం

చివరగా కార్యవర్గానికి ఒక ప్రతిపాదన. 2021లో కొన్న యంత్రాలు చాలా ఇళ్లలో అటక మీద ఉన్నాయి. పక్క వీధిలో పింఛను డబ్బుతో యంత్రం కొనలేని సభ్యుడు ఉంటాడు. సంఘం ఒక రిజిస్టరు తెరిచి, ఒక వైపు వాడని యంత్రాలు, మరో వైపు అవసరమున్నవారి పేర్లు రాయాలి. మెకానిక్‌తో ఆక్సిజన్ శాతం పరీక్షించాకే యంత్రం ఇవ్వాలి. డాక్టరు చీటీ, పరీక్ష రిపోర్టు లేనిదే ఎవరికీ ఇవ్వకూడదు. యంత్రం ఇచ్చిన రోజే ఆ సభ్యుడు వ్యాయామం ఎక్కడ నేర్చుకుంటాడో కూడా రిజిస్టరులో రాయించాలి. ఆ రిజిస్టరు రాసే పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను. ముప్పై అయిదేళ్లు చేసిన పనే కదా.